ఉద్యోగ సోపానం: చెత్త చదువా?



గత మాసం మన కాలనీలోని సహోద్యోగి ఒకరు నన్ను ఆపి, సివిల్ ఇంజనీరింగు పూర్తి చేసిన తమ అమ్మాయి ఘన వ్యర్థాల నిర్వహణను వృత్తిగా ఎంచుకుంటానని పట్టుబడుతున్నదని చెప్పారు. “ఇంత చదివించినది చెత్త పని కోసమా, మీరే చెప్పండి” అన్నారు. రేపు సంబంధాలు వచ్చినప్పుడు నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్న బెంగ కూడా ఆ మాటలో ఉంది. ఇటువంటి సందేహం మరికొన్ని ఇళ్లలోనూ ఉండవచ్చును గనుక ఈసారి ఆ విషయమే ముచ్చటించుకుందాం.

థర్మల్ విద్యుత్ కేంద్రాలను ఎరిగిన వారికి ఒక్క ఉదాహరణ చాలును. మన దేశపు బొగ్గులో బూడిద పాలు సుమారు 30 నుండి 45 శాతం. ఒకప్పుడు దానిలో అధిక భాగాన్ని నీటితో కలిపి బూడిద చెరువులకు పంపేవారు. 1999లో, మరల 2021లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వెలువరించిన ప్రకటనలు దాని వినియోగాన్ని బాధ్యతగా విధించాయి. నేడు ఆ బూడిద సిమెంటులోను, ఇటుకలలోను, రహదారుల గట్లలోను చేరుతున్నది. దీని వెనుక ఎందరో ఇంజనీర్ల, రసాయన శాస్త్రజ్ఞుల కృషి ఉన్నది.

పట్టణపు చెత్త సంగతీ ఇంతే. తడి చెత్త ఎరువుగానో, జీవవాయువుగానో మారుతుంది. కాగితం, లోహం, గాజు తిరిగి కర్మాగారాలకు చేరుతాయి. మిగిలిన దానిలో మండగల భాగం సిమెంటు బట్టీలకు ఇంధనమవుతుంది. అన్నీ కలిసి గుట్టగా పడితే మాత్రం మురుగు ఊట భూగర్భ జలాన్ని చెరుస్తుంది, లోపల పుట్టిన మీథేన్ మంటలకు దోహదమవుతుంది. 1996లో శ్రీమతి అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం దరిమిలా 2000లో పట్టణ వ్యర్థాలకు ప్రత్యేక నియమావళి వచ్చింది. ఆసుపత్రి, ఎలక్ట్రానిక్, ప్రమాదకర వ్యర్థాలకు వేర్వేరు నియమాలున్నాయి. వీటిని అమలుపరచడానికి శిక్షణ పొందినవారు కావాలి.

సివిల్, కెమికల్, పర్యావరణ ఇంజనీర్లకు పురపాలక సంస్థలలో, కాలుష్య నియంత్రణ మండళ్లలో, పరిశ్రమలలో అవకాశాలుంటాయి. ఎం.టెక్. చేయదలచినవారికి 2021 నుండి గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగు ప్రత్యేక విషయంగా ఉన్నది. సూక్ష్మజీవశాస్త్రం చదివినవారు ఎరువు, జీవవాయు కేంద్రాలలో, ఐ.టి.ఐ. చదివినవారు యంత్రాల నిర్వహణలో రాణించవచ్చును.

అయితే ఒక హెచ్చరిక. ఈ రంగంలో అధికారి అయ్యేవారు తమ క్రింద చేతులతో చెత్త ఏరే మనిషిని మరువరాదు. రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా అటువంటి మరణాలు ఆగలేదు. వాటిని ఆపగలిగినవారే ఈ వృత్తికి నిజమైన అర్హులు.

మిత్రునితో నేనన్నది ఒక్కటే: “రేపు బండి వచ్చినప్పుడు చెత్తబుట్ట మీరే స్వయంగా అందించి, ఆ కార్మికునితో రెండు నిమిషాలు మాట్లాడండి.”

మొన్న ఆయన మళ్లీ కలిశారు. “ఆ అబ్బాయి చేతికి గాజుపెంకు దిగిందట. అది మా వీధి చెత్తలోదేనండీ” అన్నారు. కొంతసేపు ఊరుకుని, అమ్మాయి గేట్ దరఖాస్తుకు రుసుము తామే కట్టి వచ్చామని చెప్పారు.