కేసు షీటే తొలి సాక్షి

శ్రావణం వచ్చిందంటే భద్రాచలం ఆస్పత్రులకు జ్వరాల కాలం వచ్చినట్టే. చర్ల, దుమ్ముగూడెం నుంచే కాదు, చింతూరు అవతల ఛత్తీస్‌గఢ్‌లోని కోంట నుంచీ రోగులను తీసుకొస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు, నాటు మందులు అన్నీ అయ్యాక, తెలివి తప్పే స్థితిలో మనిషి డాక్టరు చేతికి వస్తాడు. బతికితే దండం పెడతారు. పోతే? వెనకటికైతే రాత అనుకునేవారు. ఇప్పుడు కేసు వేస్తామంటున్నారు. అడిగే హక్కు వాళ్లకుంది, కాదనలేం. మరి బోనెక్కిన డాక్టరును కాపాడేదేమిటి?

పేరున్న వకీలని చాలామంది అనుకుంటారు. ఆ రాత్రి డాక్టరు రాయని మాటను ఎంత పెద్ద వకీలైనా తర్వాత పుట్టించలేడు.

రోగి బతికాడా లేదా అన్నది కాదు చట్టం చూసేది. అదే చదువు చదివిన సాధారణ డాక్టరు ఆ పరిస్థితిలో చేయాల్సింది ఈయన చేశాడా అని చూస్తుంది. క్రిమినల్ కేసుకైతే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందుగా మరో డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు, అభిప్రాయం తీసుకోవాలంది. ఫిర్యాదు వచ్చిందే తడవుగా అరెస్టు చేయొద్దంది. నష్టపరిహారం దావాకు మాత్రం ఇంత రక్షణ లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. అందరికీ ఉచితంగా చూసే ఆస్పత్రులకే మినహాయింపు.

మన్యంలో జ్వరమంటే ముందు రక్తపూత తీస్తారు. ఆ జ్వరం సంగతే హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కిషన్‌రావు కేసంటే వకీళ్లందరికీ తెలుసు. ఆయన ఉద్యోగం చేసిందీ మలేరియా విభాగంలోనే! 2002 జులైలో జ్వరంతో ఉన్న భార్యను ఒక ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు. నాలుగు రోజులకు పరిస్థితి విషమించి మరో ఆస్పత్రికి మారిస్తే మలేరియా అని తేలింది. ఆమె దక్కలేదు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ సరేనంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. తప్పు కళ్లెదుట కనిపిస్తుంటే ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదంది. మలేరియాకు వైద్యం చేయలేదన్నది ఆస్పత్రి తరఫు సాక్ష్యంలోనే బయటపడింది మరి.

అంటే 'నిపుణుణ్ని పిలవలేదు కదా' అన్న వాదన డాక్టరుకు డాలు కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడిగేవి చిన్న ప్రశ్నలే. రోగి ఎన్నింటికి వచ్చాడు? అప్పుడు బీపీ ఎంత? రక్తపూత ఎప్పుడు తీశారు, ఫలితం ఎప్పుడొచ్చింది? పెద్దాస్పత్రికి తీసుకెళ్లమని చెప్పారా, చెబితే ఎక్కడ రాశారు? ఇక్కడి నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైమాటే. 'డబ్బుల్లేవు, ఇక్కడే చూడండి' అని ఇంటివాళ్లు అంటే ఆ ముక్క కూడా కాగితం మీదికి ఎక్కాలి. రోగి బంధువులకు కోయ భాష తప్ప రాకపోతే, ఎవరు తర్జుమా చేసి చెప్పారో రాసి ఆ పక్కన వేలిముద్ర వేయించాలి. తెలుగులో అచ్చేసిన ఫారం మీద ఉత్త వేలిముద్ర వేయించి అదే అంగీకారమంటే జడ్జి ఎలా నమ్ముతారు?

మనిషి పోయాక మరో సిరాతో దిద్దిన కేసు షీటు మాత్రం డాక్టరును నిలువునా ముంచుతుంది. దానికంటే ఖాళీ గడే నయం. నర్సు రిజిస్టరు, ల్యాబు పుస్తకం, మందుల షాపు బిల్లు పక్కపక్కన పెడితే దిద్దుబాటు దాగదు.

వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్లు దాచాలి. రోగి లేదా అతని తరఫువాళ్లు అడిగితే 72 గంటల్లో నకళ్లివ్వాలి. ఇంటివాళ్లు రాతపూర్వకంగానే అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లే.