చిల్లర వర్తకుల ముందుజాగ్రత్త

స్వదేశ వర్తకమును పోషింపుడని మనము ప్రజలను వేడుచున్నాము. సరియే, కాని కొట్టును నిలుపుకొను పూచీ వర్తకునకు లేదా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరును ముంచినప్పుడు కొట్లలోని సరకు నీటిపాలయ్యెను. సరకు పోయినవాడు అప్పుచేసి మరల కొనగలడు; అరువు ఖాతా పోయినవాడు ఎవరిని బాకీ యడుగగలడు?

బీమా యున్నదను ధైర్యమును గొంత పరీక్షింపవలసినదే. పది లక్షల సరకునకు ఐదు లక్షలకే పాలసీ తీసికొని, అందు రెండు లక్షల సరకు కాలిపోయినచో, సాధారణ అగ్ని బీమా నిబంధనల ననుసరించి చేతికి వచ్చునది యొక లక్ష మాత్రమే. ప్రీమియము మిగిల్చితినని మురియువారు ఈ షరతును జదువరు.

అరువు సంగతి యింతకన్న విషమము. కోరినప్పుడు చెల్లింపవలసిన ప్రామిసరీ నోటునకు వ్రాసిన నాటినుండి మూడేండ్లలో కాలదోషము పట్టును. బంధువని, పాత ఖాతాదారని మొగమాటపడి యూరకుండువారే యెక్కువ. గడువులోపల కొంత సొమ్ము చెల్లువేయించి సంతకముతో వ్రాయించుకొన్నచో గడువు మరల మొదలగును. ఇందులో అవమాన మెవరికి? వట్టి ఖాతా పద్దు ఒక్కటియే న్యాయస్థానమున బాకీని రుజువు చేయజాలదు.

రాత్రి తాళము వేయుటకు ముందు రొక్కము సరిచూచి, ఆనాటి యరువు పద్దులకు నకలు తీసి యింటికి గొనిపోవుట కెంత ప్రొద్దు పట్టును? వర్తకసంఘములవారు సన్మానసభలు తగ్గించి, పాలసీ షరతులను జదివి చెప్పు గుమాస్తా నొకని నియమింపరాదా?