సెమీ క్రిస్మస్ పళ్ళెం



డిసెంబరు రాగానే మా ఊరి ఇళ్ళమీద నక్షత్రాలు వెలిగాయి. కేరల్స్‌కు తిరిగే పిల్లల గొంతులు అప్పుడే బొంగురుపోయాయి. సెమీ క్రిస్మస్ ఏ శనివారం, నాటిక ఎవరు వేస్తారు, వాక్యం ఎవరు చెబుతారు అని సంఘ పెద్దలతో అన్నీ మాట్లాడుకున్నాక ఆఖరున ఒక మాట మిగులుతుంది. ఆ సాయంత్రం వచ్చినవారి చేతిలో ఏం పెడదాం? ఏళ్ళ తరబడి మేము దీనికి ఆలోచించకుండానే జవాబు చెప్పాం: కేకు ముక్క, సమోసా, చిన్న కూల్ డ్రింక్. టౌనుకు ఫోను చేస్తే చాలు, అట్టపెట్టెలు ఆటోలో దిగుతాయి. ఎవరూ పొయ్యి దగ్గర కూర్చోనక్కరలేదు.

మూడేళ్ళ క్రితం ఆ పెట్టెలు మేమే పంచాం. ముందు వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మకు ఆ ఏడే షుగరు వల్ల కాలివేళ్ళు రెండు తీసేశారు. ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెట్టింది మేమే, ఆమె చేతిలో కేకు పెట్టిందీ మేమే. ఆమె నవ్వి, "వందనాలు అయ్యగారూ, మనవడికి ఇస్తాలెండి" అని కొంగున కట్టుకుంది. ఆ రాత్రి మేమిద్దరం ఇంటికొచ్చి పేరు పేరునా లెక్కపెడితే, మా నూట పది మందిలో షుగరు మాత్రలు వేసుకునేవారు పందొమ్మిది మంది తేలారు. వాళ్ళలో కొందరు పెట్టె తెరవలేదు. ఎక్కువమంది తెలిసీ తిన్నారు. పండుగ కదా.

ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే అని తేల్చింది. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్‌లో చక్కెర 25 గ్రాములకు అటూ ఇటుగా ఉంటుంది. సీసా మీదే రాసి ఉంటుంది, చదవనిది మనమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెప్పింది. మా అట్టపెట్టెలో కూరగాయ అంటే సమోసాలోని బంగాళాదుంప ఒక్కటే.

మరుసటి ఏడు తెలివైన పని చేశామనుకున్నాం. అందరికీ మామూలు పెట్టెలు ఇచ్చి, షుగరు ఉన్నవారికి విడిగా ఒక బల్లమీద కీరా ముక్కలు, ఉడికించిన శనగలు పెట్టాం. ఎవరి కోసమో తెలిసేట్టు కాగితం కూడా అంటించాం. ఆ బల్ల దగ్గరకు ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారు? అందరూ చూస్తుండగా నడిచివెళ్ళి, నా ఒంట్లో రోగముందని చెప్పుకోవాలా? పండుగనాడు పత్యం పెట్టాం మేము. దానియేలును గురించి ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. రాజు భోజనం వద్దని పది రోజులు శాకధాన్యాదులు తిన్నాడని చెబుతూ వచ్చాం. హనన్యా, మిషాయేలు, అజర్యా కూడా అతనితో అదే తిన్నారన్న చోట ఎప్పుడూ ఆగలేదు. ఆ నలుగురిలో ఎవరి కంచమూ వేరు కాదు.

అందుకే నిరుడు అందరికీ ఒకటే పళ్ళెం అన్నాం. పెద్దల్లో ఒకాయన లేచి, "పండక్కి గుగ్గిళ్ళా అయ్యగారూ?" అన్నారు. నవ్వులాటకు అన్నది కాదు. ఆయన చిన్నతనంలో వాళ్ళమ్మ కూలికెళ్ళి కొంగున కట్టి తెచ్చిన గింజలే రాత్రి భోజనం. కేకంటే మా సంఘంలో చాలామందికి తీపి వస్తువు మాత్రమే కాదు, మా పిల్లలూ అందరి పిల్లల్లాగే తింటున్నారన్న తృప్తి. ఆరోగ్యం అని పేరుపెట్టి మళ్ళీ ఆ లేమి రోజుల తిండే చేతిలో పెడితే మనసు నొచ్చుకోదా? దీనికి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. రెండు రోజులు ఆలోచించాక మాకు తోచింది ఇదీ: తక్కువతనం గుగ్గిళ్ళలో లేదు, మేము పెట్టిన తీరులో ఉంది. గిన్నెలో పోసి మూలన పెడితే పత్యం. ముస్తాబు చేసి అందరి చేతికీ ఇస్తే అదే పండుగ. కేకును తీసెయ్యలేదు లెండి. పిల్లలు కోసిన ఒకే ఒక్క కేకు, ఇష్టమైనవారికి బొటనవేలంత ముక్క.

ఏం చేశారని కొందరు ఫోనుచేసి అడిగారు గనుక చెబుతున్నాం. మా ప్రకాశం మెట్టలో శనగలకు కొదవ లేదు. నాలుగు కిలోల నల్లశనగలు ముందురోజు రాత్రి నానబోసి, ఉప్పువేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తిరగమోత పెట్టాం. చల్లారాక క్యారెట్ తురుము, కీరా ముక్కలు, కొత్తిమీర, పచ్చికొబ్బరి, దానిమ్మ గింజలు కలిపి నిమ్మకాయలు పిండాం. క్యారెట్‌ను పొయ్యిమీద ఉండగా కలపకండి, మెత్తబడిపోతుంది. అచ్చు కాగితంలో పొట్లం కట్టవద్దు, ఆ సిరా తిండికి అంటుతుంది. చర్చి ఆవరణలో బాదం చెట్టుంది. ఈ రోజుల్లో దాని ఆకులు కొన్ని పచ్చగా, కొన్ని ఎర్రగా ఉంటాయి. కడిగి తుడిచి, పొట్లాలుగా చుట్టి, శుభ్రమైన ఈనెపుల్లలు గుచ్చాం. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పేర్చేసరికి ఇక రంగుకాగితాల తోరణం అవసరమే రాలేదు.

రెండోది చిన్న ఇడ్లీలు, మూడు రంగుల్లో. పాలకూరను మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి రుబ్బితే పచ్చదనం నిలిచింది. బీట్‌రూట్ మాత్రం ముందే కలిపి ఉంచామేమో, మొదటి వాయి వెలవెలబోయింది. తరువాత తురుమును పళ్ళేల్లో పోసే ముందే కలిపితే కాస్త మేలనిపించింది. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఇడ్లీలో ఎక్కువపాలు బియ్యపు రవ్వే. రంగువేసినంత మాత్రాన షుగరుకు మంచిదైపోదు. అందుకే మనిషికి రెండే వేసి గుగ్గిళ్ళు దండిగా ఇచ్చాం. పెసలు నానబెట్టి రుబ్బి, క్యాబేజీ, ఉల్లి, మునగాకు కలిపి గుంట పొంగనాలు కూడా పోశాం. గుంటకు నాలుగు చుక్కల నూనె చాలు.

పట్నంలో చదివే కుర్రాళ్ళు వీటికి మయోనైజ్ కావాలన్నారు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఊరికే నిషేధించలేదు. బట్టలో మూటగట్టి నీరు తీసిన గడ్డపెరుగులో పుదీనా, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి కలిపి ఇస్తే గిన్నె నాకినంత పనిచేశారు. ఆ కుర్రాళ్ళచేతనే పది కిలోల కూరగాయలు తురిమించాం. బేకరీ పెట్టెలు మానేశామంటే ఆ బరువంతా మళ్ళీ స్త్రీల నడుముల మీద పడితే అదేం మేలు? క్యారెట్ తురమడం ఆడవారి పని అని ఏ గ్రంథంలోనూ లేదు.

అంతా బాగా జరిగిందని చెప్పము. పాలకూర ఇడ్లీని చూసి సండే స్కూలు పిల్లల్లో సగంమంది ముఖం తిప్పుకున్నారు, కొన్ని కోళ్ళకు పోయాయి. గుగ్గిళ్ళా అన్న పెద్దాయన పొట్లం అందుకొని ఏమీ అనలేదు, తినడం మాత్రం తిన్నారు. ఆ పెద్దమ్మ ముందు వరుసలోనే కూర్చొని, తనది అయ్యాక పక్కనున్న మనవడి పొట్లంలో చెయ్యి పెట్టింది. వాడు "నాది నానమ్మా" అని గోల. ఈసారి తన పెరట్లో తోటకూర తెస్తానని ఇప్పటికే రెండుసార్లు కబురు పంపింది. దాన్ని పొంగనాల్లో కలపాలట, ఇడ్లీలో వద్దట.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటికి చర్చి వెనుక పందిట్లో తరగడం మొదలుపెడతాం. యౌవనస్థులు ముందుగానే రావాలి. తురుము పీటలు మా దగ్గర రెండే ఉన్నాయి, ఇంట్లో ఉన్నది పట్టుకురండి.