పాత హార్డ్ డిస్కును కాటాకు వేసేముందు ఒక్కసారి ఆగండి

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకోని చదవండి. ఇది కంప్యూటర్ గురించి, కానీ అసలు ముచ్చట మన పోడు కాగితాల గురించి.

మొన్న బాపును ఉస్మానియాలో చూపించి, నయాపూల్ దాటి బస్సు కోసం నడుస్తున్నా. సంచిలో మా కాక ఇచ్చిన పాత హార్డ్ డిస్కు ఉంది, 80 జీబీది. దారిలో ఒక రిపేరు దుకాణంల చూపించిన. ఆయన దాన్ని చేతులకు గూడ తీసుకోలే. "ఇది ఐడీఈ భాయ్. ఇప్పటి బోర్డుల పెట్టడానికి జాగనే లేదు. కాటాకు వెయ్, ఇనుము పైసలొస్తయి" అన్నడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు అది ఇనుమే. మరి మనకు?

మా కాక 2008లో ఊరి అటవీ హక్కుల కమిటీలో రాతపని చేసిండు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, దాని నియమాలు 2008 జనవరి 1న వచ్చినయి. ఆ ఏడాదంతా ఊరూరా గ్రామసభలు, దరఖాస్తులు, ఫొటోలు. కాక ప్రతి కాగితాన్ని స్కాన్ చేసి ఆ డిస్కులో దాచిండు. ఎవరి చేను ఎంత, గట్లు ఎక్కడ, పెద్దమనుషులు ఏం చెప్పిండ్రు, గ్రామసభ తీర్మానం మీద ఎవరి వేలిముద్రలున్నయి, అన్నీ. ఇంట్ల ఉన్న అసలు కాగితాల్లో సగం చెదలకు పోయినయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మనోళ్లు దరఖాస్తులు పెట్టుకున్న ఆ ఏండ్లల్లోనే కంప్యూటర్లలో ఐడీఈ పోయి సాటా వచ్చింది. సాటా డిస్కులు 2003లో మొదలైనా, మన హాస్టళ్లకు, సంఘాలకు వచ్చిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లలో ఐడీఈలే ఉండె. అంటే మన భూమి పోరాటంలోని మొదటి కాగితాలు చాలావరకు ఇవాళ ఎవ్వరూ తగిలించని డిస్కుల్లో ఉన్నయి.

"పట్టాలు వచ్చినోళ్లకు వచ్చినయి గదా, ఇంక ఆ కాగితాలెందుకు" అని ఒక తమ్ముడు అడిగిండు. రానోళ్ల సంగతేంది? 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తు తిరస్కరించినోళ్లను ఖాళీ చేయించాలన్నది. అదే నెల 28న ఆ ఆదేశాన్ని ఆపింది. ఆ పదిహేను రోజులు మన గూడేల్లో ఎట్ల గడిచినయో పెద్దోళ్లను అడగండి. ఎస్టీలు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపాలి, కనీసం రెండు ఆధారాలు పెట్టాలి. స్కాన్ కాపీ ఒక్కటే పట్టా తెచ్చిపెట్టదు, ఆ మాట నేను చెప్పను. కానీ ఏ తేదీన ఏ కాగితం ఇచ్చినమో అది చెప్తది. ఆ తేదీ, ఆ నంబరు పట్టుకోని సమాచార హక్కు కింద అసలు ఫైలు అడగొచ్చు. అవి లేకపోతే ఆఫీసుల "రికార్డు లేదు" అంటే మన నోట మాట రాదు.

మరి ఆ డిస్కు చదివేదెట్ల? పాతదీ కొత్తదీ ఒకే కంప్యూటర్ల పెట్టొచ్చు, బ్రహ్మవిద్య కాదు. 2005 నుంచి 2010 దాకా వచ్చిన చాలా బోర్డుల మీద రెండు రకాల జాగలుంటయి. వెడల్పాటి 40 పిన్నులది ఐడీఈ, వేలెడంత చిన్నది సాటా. ఐడీఈల ఒక్క పట్టీ వైరుకు రెండు డిస్కులు తగిలించొచ్చు. అందుకే ఒకటి మాస్టర్, ఇంకొకటి స్లేవ్ అని వెనుక ఉండే చిన్న జంపరుతో చెప్పాలి. ఎట్ల పెట్టాలో డిస్కు మీది స్టిక్కర్ల బొమ్మ ఉంటది. సాటాకు ఆ గొడవ లేదు, ఒక డిస్కుకు ఒక వైరు. అట్లాంటి బోర్డు దొరక్కపోతే ఐడీఈని యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ దొరుకుతది, వేలు పెట్టే వస్తువు కాదు. పెద్ద డిస్కుకు యూఎస్‌బీ కరెంటు సరిపోదు గాబట్టి విడిగా కరెంటు ప్లగ్గున్నదే తీసుకోండి.

తెలియక పోగొట్టుకునేది ఎక్కువగా ఈ నాలుగు చోట్లనే:

ఒకటి, డిస్కు తగిలించినంక బయోస్‌ల బూట్ వరుస చూడండి. కొత్త డిస్కే మొదట ఉండాలి. లేకుంటే కంప్యూటర్ పాత డిస్కులోని విండోస్‌తో లేవబోయి దాని మీదనే ఏదో ఒకటి రాస్తది.

రెండు, "ఫార్మాట్ చేయాలా", "ఇనిషియలైజ్ చేయాలా" అని అడిగితే వద్దనే నొక్కండి. అక్కడ అవును నొక్కి ఏడ్చినోళ్లు చానామంది.

మూడు, డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటే వెంటనే ఆపండి. మళ్లమళ్ల ఆన్ చేసిన కొద్దీ ఉన్నది కూడా పోతది. తెలిసినోళ్ల దగ్గరికి తీసుకపోవాలె.

నాలుగు, ఫొటోలను వాట్సాప్‌ల పంపి "సేవ్ అయింది" అనుకోవద్దు. వాట్సాప్‌ల మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గుతది, లోపలుండే తేదీ వివరాలు పోతయి. ఫైలుకు ఫైలు కాపీ చేయండి. తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు వచ్చినా తీసెయ్యొద్దు, అది అను ఫాంట్లలో కొట్టి ఉంటది. ఆ ఫాంటు వేస్తే కనపడతది, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.

ఇంకో మాట. పాతది తగిలింది, నడుస్తుంది గదా అని దాన్నే వాడుకుంట కూసోవద్దు. దాంట్లోంచి తీసుకోవాలె గానీ, దాంట్లో కొత్తగా దాచుకోవద్దు. ఒక కాపీ కొత్త డిస్కుల, ఒక కాపీ వేరే ఊరిలో, వేరే మనిషి దగ్గర. పాత డిస్కును గూడ పారెయ్యొద్దు, పొడిగుడ్డల చుట్టి పెట్టండి. కాటాకు వేసినమంటే మన కులం సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు ఎవరి చేతుల పడతయో తెల్వది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. మన సంఘాలు ఏటా సభలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చుల ఒక పాత బోర్డు, ఒక అడాప్టర్, ఒక కొత్త డిస్కు పెద్ద లెక్క కాదు. జిల్లాకు ఒక హాస్టల్ల ఒక్క కంప్యూటర్ అట్ల సిద్ధంగా ఉండాలె. సెలవులకు ఊరికి పోయే ప్రతి విద్యార్థి "మన ఊరి కాగితాలు ఏ కంప్యూటర్ల ఉన్నయి" అని ఒక్కసారి అడగాలె. అఫ్జల్‌గంజ్ లైబ్రరీల గ్రూప్స్‌కు చదివే మనోళ్లంతా అటవీ హక్కుల చట్టం మార్కుల కోసం చదువుతున్నరు. ఆ చట్టం కింద మన ఊరు పెట్టిన దరఖాస్తు ఎక్కడుందో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నటిదాక తెల్వది.

కాక డిస్కు లేచింది. మూడు ఫోల్డర్లు చెడిపోయినయి, మిగతావన్నీ వచ్చినయి. గ్రామసభ తీర్మానం స్కాన్‌ల మా తాత వేలిముద్ర ఉంది. తాత పోయి తొమ్మిదేండ్లయింది. బాపు ఆ స్క్రీన్ ముందు చానాసేపు కూసున్నడు.

మీ ఊర్ల ఇట్లాంటి డిస్కు ఉంటే కామెంట్ల చెప్పండి. వైరు నేను తెస్తా, కలిసి తగిలిద్దాం.