30కి 28 వచ్చాక

మోటారు సైకిలు ప్రమాదంలో తలకు గాయమైన సహోదరుడు ఇంటికి వచ్చాక సంఘంలో వినబడే మాట: "డాక్టరు పరీక్ష చేశారు, 30కి 28 వచ్చాయి, అంతా బాగైపోయింది." స్తుతి చెల్లించవలసిందే. అయితే ఆ 28 దేనిని కొలిచిందో కూడా మనం అడగాలి.

విరివిగా వాడే ఎం.ఎం.ఎస్.ఇ. పరీక్ష 1975లో వచ్చింది. తేదీ, స్థలం, మూడు మాటలు గుర్తున్నాయా అని చూస్తుంది. పనిని వరుసలో పెట్టుకోవడం, కోపం ఆపుకోవడం దానికి దాదాపు కనబడవు. మెదడు ముందుభాగం దెబ్బతిన్నవారిలో తరచు చెడేవి అవే. 2005లో వెలువడిన మోకా కొంత మేలు. గడియారం బొమ్మ గీయిస్తుంది, 100లో నుండి ఏడేసి తీసివేయిస్తుంది. అదీ పది నిమిషాల పనే, తలగాయాల కోసం పుట్టిందీ కాదు. నిశ్శబ్దమైన గదిలో జవాబులన్నీ చెప్పినవాడు సంతలో బేరం మధ్య తడబడవచ్చు.

బడి ముఖం చూడని మన తల్లుల సంగతి మరీ కష్టం. 12 ఏళ్లు, అంతకు తక్కువ చదివినవారికి మోకా ఒక మార్కు కలుపుతుంది. పెన్ను పట్టని చేతికి ఆ ఒక్కటి ఏపాటి? భారత వైద్య పరిశోధనా మండలి తెలుగులోనూ పరీక్షలు సిద్ధం చేయించింది, కాని అవి ప్రధానంగా మతిమరుపు జబ్బు కోసం.

మార్కులు బాగున్నా "ఈయన మునుపటి మనిషి కారండీ" అని భార్య అంటే, కాపరులారా, అది అవిశ్వాసమని గద్దించకండి. ఆ మాటే డాక్టరుకు చెప్పి, పూర్తిస్థాయి పరీక్ష అడగమనండి. సాక్ష్యం వచ్చే ఏడు చెప్పించవచ్చు.