పెద్దల క్యాన్సర్‌కు లెక్క ఏది?

వయసు మీద పడిన మనిషికి ఏ బాధ వచ్చినా ముసలితనం అని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. ముద్ద మింగుడు పడకపోతే ముసలితనం, మనిషి చిక్కిపోతే ముసలితనం, నోట్లో పుండు నెలల తరబడి మానకపోతే పళ్ల దోషం. కన్ను మూశాక అల్లాహ్ పిలుపు వచ్చిందని మనసుకు చెప్పుకుంటాం. ఆ విశ్వాసంతో మాకు పేచీ లేదు. మా ప్రశ్న ప్రభుత్వానికి. ఆ మనిషి ఏ జబ్బుతో పోయాడో ఎక్కడైనా రాసి ఉందా? 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాలలో కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. మిగిలిన వాటిలో క్యాన్సర్ మరణాలు ఎన్నో ఎవరూ చెప్పలేరు.

క్యాన్సర్ వయసుతో పాటు పెరిగే జబ్బు. అయితే ఒకే వయసు వారిలో కూడా ఊరు మారితే దాని తీరు మారుతుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం ప్రచురించిన 2012–16 నాటి లెక్కలు చూడండి. ఒక ప్రాంతంలో ముసలివారు ఎక్కువ, మరొక చోట పడుచువారు ఎక్కువ ఉంటారు కనుక ఆ తేడాను సవరించి వేసిన లెక్కలివి. మిజోరంలోని ఐజ్వాల్ జిల్లా పురుషులలో ఏటా లక్షకు 269.4 మందికి క్యాన్సర్ వచ్చింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల పురుషులలో అది 39.5. ఒకే దేశంలో దాదాపు ఏడు రెట్ల తేడా! 2015–19 మధ్య 43 రిజిస్ట్రీల గణాంకాలను పోల్చినప్పుడు రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే అధికంగా ఉన్నది మన హైదరాబాద్‌లోనే. లక్ష మంది స్త్రీలకు 54.

ఈ తేడాలకు మతం కారణం కాదు. శ్రీనగర్ ముస్లిమూ హైదరాబాద్ ముస్లిమూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేస్తారు గాని, వారిని వేధించే క్యాన్సర్లు వేరు. కశ్మీర్ లోయలో అన్నవాహిక, జీర్ణకోశ క్యాన్సర్లు చిరకాలంగా ఎక్కువ. వేడివేడి ఉప్పు టీకీ హుక్కాకూ వాటితో ఉన్న సంబంధాన్ని పరిశోధకులు ఎత్తిచూపారు. అహ్మదాబాద్ పురుషులను నోటి క్యాన్సర్ పీడిస్తోంది. అక్కడ నమిలే పొగాకు వాడకం విపరీతం. జబ్బు మనిషి తినేదాన్ని, తాగేదాన్ని, పీల్చేదాన్ని, చేసే పనిని వెంబడిస్తుంది. కాబట్టి ఎక్కడికక్కడ లెక్క తీయనిదే ఎక్కడ ఏం చేయాలో తెలియదు.

లెక్క తీస్తే ఏం తెలుస్తుందో చెప్పడానికి దూరం పోనక్కరలేదు. ఉత్తరాంధ్ర పల్లెలలో పెద్ద వయసు స్త్రీలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు తెలిసిందే. శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి ఆ అలవాటు అంగిలికి చేసే హానిని వెల్లడించిన అధ్యయనం 1971లో వచ్చింది. ఆ ముసలమ్మలు ఆసుపత్రికి వచ్చేదాకా వైద్యులు ఎదురుచూసి ఉంటే ఆ సంగతి ఎప్పటికి బయటపడేది?

తక్కువ అంకె కనిపించిన ప్రతిచోటా లెక్క తప్పని మేము అనడం లేదు. మహారాష్ట్రలోని బార్షీలో 1987 నుంచి గ్రామీణ రిజిస్ట్రీ పనిచేస్తోంది. దాని సిబ్బంది ఊరూరా తిరిగి రోగులను వెదుకుతారు. అక్కడ తక్కువ వచ్చిందంటే అందులో నిజం ఉంటుంది. మా ఆందోళన అసలు వెదకని జిల్లాల గురించి. ఈ రిజిస్ట్రీల పరిధిలో ఉన్నది దేశ జనాభాలో పదింట ఒక వంతు మాత్రమే. మిగతా తొమ్మిది వంతుల విషయంలో పాలకులు చెప్పేదంతా అంచనాయే. రోగి కనబడకపోవడం వేరు, రోగం లేకపోవడం వేరు.

ఇక ముస్లింల సంగతి. దేశ సగటుతో పోలిస్తే మన జనాభాలో పిల్లలు, యువకుల పాలు ఎక్కువ, వృద్ధుల పాలు తక్కువ. ఈ కారణంగా సముదాయం మొత్తాన్ని కలిపి లెక్కిస్తే క్యాన్సర్ తక్కువగానే కనిపిస్తుంది. అరవై దాటిన వారిని అరవై దాటిన వారితోనే పోల్చినప్పుడు గాని అసలు రూపం బయటపడదు. ఆ పోలిక చేసేవారేరి? ముస్లింల స్థితిగతులపై సచార్ కమిటీ 2006లో నివేదిక ఇస్తూ సముదాయాల వారీ సమాచారం అందుబాటులో ఉండాలని గట్టిగా చెప్పింది. చదువు, కొలువుల మీద ఆ తర్వాత ఎంతో కొంత చర్చ జరిగింది. మన వృద్ధుల ఆరోగ్యం మాత్రం ఆ చర్చలోకి రానేలేదు.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టి సంసారాలు ఈదిన స్త్రీలలో ముస్లింలు గణనీయంగా ఉన్నారు. ఒడిలో చాట పెట్టుకొని ముప్పై, నలభై ఏళ్లు పొగాకు పొడి మధ్య కూర్చున్నవారు వారు. ఇప్పుడు వారి వేళ్లకు పట్టు లేదు, కళ్లకు చూపు లేదు. వారి నోళ్లూ ఊపిరితిత్తులూ ఏ స్థితిలో ఉన్నాయో వాడవాడా తిరిగి పరీక్షించవలసిన బాధ్యత ఎవరిది? వారి చేతి కష్టం మీద పన్ను వసూలు చేసుకున్న ప్రభుత్వాలది కాదా?

వైద్య ఖర్చుకు పథకాలు లేవని కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ ఐదు లక్షల వైద్య బీమాను కేంద్రం 2024 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే. కాని కార్డు పనికివచ్చేది జబ్బు ఉందని తేలిన తర్వాత. అది తేల్చే పరీక్షల దగ్గరే ముసలివారు జారిపోతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీల క్యాన్సర్ పరీక్షల గురించి వేసిన లెక్క 30 నుంచి 49 ఏళ్ల వారిది. ఆ వయసు స్త్రీలలో కూడా గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎన్నడైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 1.9 శాతమేనని 2019–21 సర్వే తేల్చింది. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు జరపాలని 2016లో కేంద్రం రూపొందించిన విధానం 65 ఏళ్ల దగ్గర ఆగిపోయింది. ముప్పు పెరిగే వయసులో చూపు మరల్చుకోవడం ఏ న్యాయం?

మతం వారీగా జబ్బుల లెక్క తీస్తే దాన్నే మన మీద ఆయుధంగా వాడరా అని పాఠకులలో కొందరు శంకించవచ్చు. ఆ శంక అకారణం కాదు. 2020లో కరోనా కేసుల లెక్కలో తబ్లీగీ జమాత్ పేరును విడిగా చదివి వినిపించడం వల్ల చిల్లర వర్తకులు, పండ్ల బండ్ల వాళ్లు కూడా ఎన్ని అవమానాలు పడ్డారో మనం మరువలేదు. అయితే నింద మోపడానికి తీసే లెక్క వేరు, వైద్యం అందించడానికి తీసే లెక్క వేరు. ముంబై క్యాన్సర్ రిజిస్ట్రీ దశాబ్దాల కిందటే మత సముదాయాల వారీగా గణాంకాలు ప్రచురించింది. పార్సీ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని అలాగే వెల్లడైంది. దానివల్ల పార్సీలకు అవమానం జరగలేదు, వైద్యులకు దారి తెలిసింది. అన్ని సముదాయాల లెక్కలూ ఒకేచోట, వృత్తి, ఆదాయం, నివాసం వివరాలతో కలిపి, వ్యక్తుల పేర్లు బయటపడకుండా ప్రచురించాలన్నదే మా షరతు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉంది. కులమతాల తేడా లేకుండా రెండు రాష్ట్రాల పేదలకు అది దశాబ్దాలుగా దిక్కు. కాని ఆదోని నుంచో ఆదిలాబాద్ నుంచో ఒక ముసలామె అక్కడికి చేరాలంటే కొడుకు కొన్ని రోజుల కూలి వదులుకోవాలి. అందుకే ఎందరో ఆఖరి దశలో చేరుతున్నారు. పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. అక్కడ స్త్రీలను చూడటానికి స్త్రీ ఉద్యోగి ఉండాలి. ఉర్దూ మాత్రమే వచ్చిన వృద్ధులకు ఉర్దూలో చెప్పేవారు ఉండాలి. ప్రతి జిల్లాకూ రిజిస్ట్రీ ఉండాలి. బీడీ కార్మికులకు వయోపరిమితి లేకుండా ఏటేటా పరీక్షలు జరగాలి. ఇవి దయతో ఇచ్చే వరాలు కావు, పౌరులుగా మన హక్కులు.

మన వంతు పని కూడా ఉంది. జుమా రోజున మసీదుకు వచ్చే పెద్దలకు నోటి పరీక్ష శిబిరం పెట్టడానికి ఏ మసీదు కమిటీకీ పెద్ద ఖర్చు కాదు. మూడు వారాలకు మానని పుండు, కొత్తగా తగిలిన గడ్డ, ముట్లుడిగిన తర్వాత కనిపించే రక్తం, ఇవి ముసలితనం లక్షణాలు కావని ప్రతి ఇంటా చెప్పాలి. దాంతోపాటు ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు, ఖననానికి ఎంత తొందర ఉన్నా, మరణ కారణాన్ని వైద్యుని చేత రాయించి నమోదు చేయించాలి. ఆ కాగితం పోయినవారిని తిరిగి తేదు. వారి తర్వాతి వరుసలో ఉన్నవారికి మాత్రం ఏ జబ్బు పొంచి ఉందో చెబుతుంది.