ప్రజ్ఞయు, క్రౌర్యమును

పాలకుని నేర్పును మెచ్చినంతమాత్రమున అతని క్రౌర్యమును మఱువనక్కఱలేదు. 1908లో మూసీ వరద వేల ప్రాణములను గొనెను. పిదప ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఏలుబడిలో 1920 నాటికి గండిపేట చెఱువును నిర్మించి హైదరాబాదునకు రక్షణయు, త్రాగునీరును కల్పించిరి. ఆ దక్షతను మేమును కొనియాడుదుము.

కాని 1948 ఆగస్టు 27న మా సిద్దిపేట సీమలోని బైరాన్‌పల్లిపై రజాకార్లును, నిజాము బలగములును పడి, బురుజుపైనుండి తమ్ము కాచుకొనుచున్న ఆ యూరి జనులను వరుసగా నిలిపి కాల్చిరి. రాజు స్వయముగా తుపాకి పట్టలేదందురు కొందఱు. రక్షింపని రాజునకు దేశమున జరుగు అధర్మములో ఆఱవపాలు చెందునని మనుస్మృతియే చెప్పుచున్నది.

బిడ్డలకు చరిత్ర చెప్పునపుడు చెఱువును చూపుడు. బైరాన్‌పల్లి బురుజును గూడ చూపుడు. ఒకటి దాచినచో, గొప్పతనమునకు దయ యక్కఱలేదని వారు నేర్తురు.